సంతకం లేని ప్రతిజ్ఞ.. అన్నెపర్తి పైడిమర్రి కథ

పొద్దుగాల బడి గంట కొడతరు. పిల్లలు వరుసల నిలవడతరు. ఒక పిల్ల ముందుకొచ్చి కుడిచెయ్యి సాపుతది. ఆమె ఒక ముక్క చెప్పంగనే వందల గొంతులు అదే ముక్కను అందుకుంటయి. ఆదిలాబాద్ కాడికెల్లి శ్రీకాకుళం దాక అంతటా గిదే తంతు. అక్కాచెల్లెళ్ల ముచ్చట కాడికి రాంగనే ఎనక వరుసల మీసాలొస్తున్న పిల్లగాళ్లు కిసుక్కున నవ్వుకునుడు కూడ అన్ని బళ్లల్ల ఒక్కతీరే. ఏడాదికి రెండువందల పైచిలుకు పనిదినాలు, పదేండ్ల సదువు. లెక్కేస్తే ఒక్కో మనిషి ఆ మాటల్ని రెండు వేల సార్లకు పైననే చెప్తడు. ఇంకే రచయిత రాసిన వచనమూ తెలుగోళ్ల నోట్లె గన్నిసార్లు నానలేదేమో. కని ఆ రచయిత ఎవరని అడిగితే చానమంది ఇప్పటికీ నోరెళ్లబెడ్తరు.

ఆయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి. అన్నెపర్తి అంటే ఇయ్యాల జనానికి పోలీసు బెటాలియన్ యాదికొస్తది. దేశమంత చెప్పుకునే ప్రతిజ్ఞ రాసిన మనిషి పుట్టిన ఊరని యాదికొచ్చెటోళ్లు తక్కువ.

ప్రతిజ్ఞ పిల్లలతోని చెప్పియ్యాల్నా, వద్దా అన్న లొల్లి అప్పుడప్పుడు లేస్తనే ఉంటది. చెప్పియ్యకుంటే దేశభక్తి ఎట్ల వస్తదని ఒకలు. చిలక పలుకులు పలికిపిస్తే భక్తి వస్తదా అని ఇంకొకలు. రెండు దిక్కులా గొంతులు పెద్దగనే ఉంటయి గని, ఆ మాటలు రాసిన మనిషి ఎట్ల బతికిండు, ఏ నేల మీదికెల్లి వచ్చిండు అని సూసెటోళ్లు కనవడరు. ఆయన బతుకు కథ తెలిస్తే ఈ లొల్లిల సగం చిక్కుముడి విడిపోతదని నా అనుకోలు.

సుబ్బారావు 1916 జూన్ 10న పుట్టిండు. తల్లి రాంబాయమ్మ, తండ్రి వెంకట్రామయ్య. అప్పటికి నల్లగొండ నిజాం ఏలుబడిల ఉన్నది. ఏలిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. సర్కారు కాగితం ఉర్దూల, పెద్ద సదువు ఉర్దూల, ఇండ్లల్ల తెలుగు. అసొంటి కాలంల ఈ పిల్లగాడు తెలుగు, సంస్కృతం, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ అన్నీ పట్టుకున్నడు. భాషల పిచ్చి ఉన్నోడికి హైదరాబాద్ రాజ్యం ఒకతీర్ల జాతరే. సాహిత్యం మీద మోజుతోని రాసుడు మొదలువెట్టిండు. కాలభైరవుడు అని ఒక నవల రాసిండు. ప్రకృతి వైద్యం కూడ నేర్సుకున్నడు. మొత్తం మీద ఒక పల్లెటూరి పండితుడి పోకడ.

ఆ జమానాల బడిపిల్లలు పొద్దుగాల ఏం పాడెటోళ్లో ముసలోళ్లను అడిగితె చెప్తరు. పాదుషా సల్లగుండాలె, ఆయన రాజ్యం పది కాలాలు నడవాలె అని నిజాంను దీవించే పాట పాడాలె. పాట ఉర్దూల. చానమంది తెలుగు పిల్లలకు అర్థం కాకపోయేది. అర్థం అయ్యుడుతోని పని లేకుండె. గొంతు కలిపిండ్రా లేదా అన్నదే లెక్క.

1938ల ఇంకో ముచ్చట నడిచింది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు ప్రార్థనల వందేమాతరం పాడుతమని పట్టువట్టిండ్రు. యూనివర్సిటీ వద్దన్నది. వాళ్లు వినలే. వందలమందిని బయటికి తోలిండ్రు. అండ్ల చానమంది నాగపూర్ పొయ్యి అక్కడి యూనివర్సిటీల సదువు పూర్తి చేసుకున్నరు. తర్వాత ప్రధానమంత్రి అయిన పీవీ నరసింహారావు ఆ గుంపుల పిల్లగాడే. అప్పటికి సుబ్బారావుకు 22 ఏండ్లు. ఆయన ఆ గుంపుల ఉన్నడని నేను చెప్తలేను. ఆయన ఎదిగిన నేల ఎసొంటిదో చెప్తున్న. మనం పెట్టిన పాట పాడు, నీకు నచ్చిన పాట పాడితే సదువు బంద్ అనే కాలం అది. ఇది గుర్తువెట్టుకోండ్రి, కతల మల్ల పనికొస్తది.

1948 సెప్టెంబర్‌ల నిజాం రాజ్యం వొయ్యింది. రజాకార్ల దౌర్జన్యం, రైతాంగ పోరాటం, పటేల్ పంపిన సైన్యం.. నల్లగొండ జిల్లా వీటన్నిటి నట్టనడుమ ఉన్నది. 1956ల ఆంధ్రప్రదేశ్ అయ్యింది. తెలంగాణ ఉద్యోగులు అటు, ఆంధ్ర ఉద్యోగులు ఇటు బదిలీల మీద తిరుగుడు మొదలయ్యింది. సుబ్బారావు కొలువు ట్రెజరీల, అంటే ఖజానా శాఖల. ఖమ్మం, నిజామాబాద్, నెల్లూరు, విశాఖపట్నం.. బదిలీ ఎటు తీస్కపోతే అటు పోయిండు. 1962ల విశాఖపట్నం జిల్లా ట్రెజరీ ఆఫీసర్‌గ ఉన్నడు.

ట్రెజరీ కొలువు అంటే ఏందో తెలిసినోళ్లకు తెలుసు. జీతాల బిల్లులు, పింఛన్లు, చలాన్లు, స్టాంపు కాగితాలు, లోపల స్ట్రాంగ్‌రూం, దానికి తాళాలు. ఎవరి సంతకం లేకుండ ఏ కాగితమూ కదలదు. సంతకం ఒక్కటి తేడా వొస్తే బిల్లు ఎనక్కి వొస్తది. పొద్దంత గా సంతకాలు సూసే మనిషి రాసిన కాగితం ఒకటి ఆయన సంతకం లేకుండనే దేశమంత తిరిగింది. ఆ ముచ్చటకు వస్త.

1962 దేశానికి కష్టకాలం. చైనా సరిహద్దుల పోరు ముదిరి అక్టోబర్‌ల యుద్ధమే అయ్యింది, మన సైన్యం దెబ్బతిన్నది. దానికి ముందుగాల భాషల పేరు మీద, మతం పేరు మీద గొడవలు. జనాల మనసులు కలుపుడెట్ల అని 1961లనే కేంద్రం సంపూర్ణానంద్ అధ్యక్షతన ఒక కమిటీ ఏసింది. దేశం ఒక్కటిగ నిలవాలంటే బడికాడికెల్లే మొదలువెట్టాలె అన్న ఆలోచన అంతటా ఉన్నది. బయటి దేశాలల్ల పిల్లలు బడిల ప్రమాణం చేస్తరని సుబ్బారావుకు తెలుసు. మన పిల్లలకు మన మాటలల్ల ఒకటి ఉండాలె అనుకున్నడు. తెలుగుల రాసిండు. రాసి తీస్కపొయ్యి విశాఖ పెద్దమనిషి, స్వాతంత్ర్య సమరయోధుడు తెన్నేటి విశ్వనాథంకు సూపిచ్చిండు. తెన్నేటి ఆ కాగితాన్ని అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పీవీజీ రాజు దగ్గరికి చేరేసిండు. విజయనగరం రాజావారు ఆయన. రాజావారైనా సోషలిస్టు.

1963ల విశాఖల ఒక బడిల పిల్లలు తొలిసారి చెప్పిండ్రు. 1964 అక్టోబర్‌ల బెంగళూరుల కేంద్ర విద్యా సలహా మండలి కూసున్నది. కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షుడు. అన్ని రాష్ట్రాల బళ్లల్ల పిల్లలతోని ఈ ప్రతిజ్ఞ చెప్పియ్యాలె అని తీర్మానం అయ్యింది. 1965 జనవరి 26 సంది దేశమంత మొదలు. దేశ భాషలల్లకు తర్జుమా అయ్యి ప్రతి పుస్తకం మొదటి పేజీలకు ఎక్కింది.

ఇగ అండ్ల ఏమున్నదో ఒకసారి నిదానంగ సూద్దాం. రోజూ చెప్తం గని సూడం గదా. దేశం తల్లి, అందులోని జనం తోబుట్టువులు. దేశం మీద ప్రేమ. రకరకాలుగ ఉన్న మన వారసత్వం మీద గర్వం, దానికి తగినోళ్లం కావాలన్న ఆశ. అమ్మానాయినలకు, పంతుళ్లకు, పెద్దలకు గౌరవం. అందరితోని మర్యాద. జంతువుల మీద దయ. దేశానికీ జనానికీ సేవ. వాళ్ల మంచిలనే నా మంచి.

ఏం లేదో కూడ సూడాలె. రాజు లేడు. మంత్రి లేడు, పార్టీ లేదు. సర్కారుకు లొంగి ఉంటనన్న మాట లేదు. ఏ దేవుని పేరూ లేదు. జెండా కూడ లేదు. అమెరికా పిల్లలు చెప్పే ప్రమాణం జెండాతోనే మొదలైతది. అది 1892ల ఫ్రాన్సిస్ బెల్లమీ అనే ఆయన ఒక పిల్లల పత్రిక కోసం రాసింది. దేవుని మాట అండ్ల మొదట లేకుండె, 1954ల జోడిచ్చిండ్రు. మన సుబ్బారావు రాసింది అట్ల కాదు. నిజాంను దీవించే పాటల నడుమ పెరిగిన మనిషి, సర్కారు జీతం తింటున్న ఆఫీసరు, యుద్ధం మబ్బులు కమ్ముకున్న ఏడాది. రాజభక్తి రాయడానికి అన్ని కారణాలు ఉన్నయి. రాయలే. మనిషికి మనిషికి నడుమ ఉండాల్సిన ఒప్పందం రాసిండు. పిల్లి, కుక్క, గొడ్డు గోదను కూడ మరువలే. ఒక దేశం ప్రమాణంల పశువులకు చోటు ఇచ్చుడు నా మనసుకు మస్తు నచ్చిన సంగతి. ఎడ్లు, బర్లు ఇంటి మనుషుల లెక్క ఉండే ఊర్ల పుట్టినోడికే గది తోస్తదని అనిపిస్తది.

ఇంత చేసినంక ఆయనకు దక్కిందేంది? పుస్తకాలల్ల పేరు అచ్చు కాలే. దశాబ్దాలు కాలే. జాతీయ గీతం అంటే రవీంద్రుడు, వందేమాతరం అంటే బంకించంద్రుడు అని పరీక్షలల్ల అడిగెటోళ్లు. ప్రతిజ్ఞ ఎవరు రాసిండ్రని అడిగిన ప్రశ్న లేదు. ఆయన బదిలీల మీద తిరిగిండు, కొలువు దిగిండు. తను రాసింది దేశమంత చెప్తున్నరన్న సంగతి ఆయనకే చానదినాలు ఎరుక లేదట. మనుమరాలు పుస్తకం తెరిచి ప్రతిజ్ఞ చదువుతుంటె, అవి తన మాటలే అని అప్పుడు గుర్తువట్టిండని చెప్తరు. 1988 ఆగస్టు 13న కాలం చేసిండు. సన్మానం లేదు, బిరుదు లేదు. బెల్లమీ కతా కొంత ఇసొంటిదే. ఆయన రాసింది కూడ పత్రికల పేరు లేకుండనే అచ్చయ్యింది. ఆయన 1931ల సచ్చిపోయినంక కూడ అది ఎవరు రాసిండ్రన్న పంచాయితీ నడుస్తనే ఉండె. పిల్లలతోని ప్రమాణం చెప్పిచ్చే రాజ్యాలకు, ఆ ప్రమాణం రాసినోళ్లను యాది వెట్టుకునే ఓపిక ఉండదేమో.

సుబ్బారావు పొయ్యే మూడేండ్ల ముందు, 1985ల కేరళల ఒక సంగతి జరిగింది. కొట్టాయం జిల్లాల ఒక బడి. ముగ్గురు తోబుట్టువులు, పది, తొమ్మిది, ఐదు తరగతుల పిల్లలు. యెహోవా సాక్షుల మతం వాళ్లది. పొద్దుగాల జాతీయ గీతం పాడుతుంటె అందరితోపాటు లేసి గౌరవంగ నిలవడతరు. పాడరు. దేవునికి తప్ప ఇంకెవరికీ స్తోత్రం చెప్పొద్దని వాళ్ల నమ్మకం. ఏండ్లసంది గట్లనే నడుస్తున్నది, ఎవలూ పట్టించుకోలే. ఒక ఎమ్మెల్యే కంట్ల వడ్డది. అసెంబ్లీల లేవదీసిండు. కమిషన్ ఏసిండ్రు. పిల్లలు మంచోళ్లు, గీతాన్ని అవమానించలేదని కమిషనే చెప్పింది. అయినా 1985 జూలై 26న బడిలకెల్లి ఎల్లగొట్టిండ్రు. కేరళ హైకోర్టుల రెండుసార్లు ఓడిపోయిండ్రు. సుప్రీంకోర్టుకు పోయిండ్రు.

సుప్రీంకోర్టుల ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, అనంతపురం జిల్లా మనిషి. 1986 ఆగస్టు 11న తీర్పు వొచ్చింది. గీతం పాడి తీరాలె అని ఏ చట్టంల లేదు. లేసి నిలవడితే గౌరవం ఇచ్చినట్టే. మాట్లాడే హక్కుల మాట్లాడకుండ ఉండే హక్కు కూడ ఉంటది. మనస్సాక్షి స్వేచ్ఛ చిన్నపిల్లలకు కూడ ఉన్నది. పిల్లలను బడిలకు తీసుకోండ్రి. ఇది ఆ తీర్పు సారాంశం. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల ముచ్చట కూడ అండ్ల తెచ్చిండు. అక్కడ 1940ల ఇదే మతం పిల్లలు జెండాకు వందనం చెయ్యమంటే కోర్టు వాళ్లకు వ్యతిరేకంగ చెప్పింది. మూడేండ్లు తిరగంగనే, 1943ల, నడి యుద్ధంల, తన తీర్పును తనే తిప్పుకున్నది.

ఇప్పుడు 1938 ముచ్చట మల్ల యాది చేసుకోండ్రి. హైదరాబాద్‌ల పాట పాడిండ్రని పిల్లలను ఎల్లగొట్టిండ్రు. కొట్టాయంల పాట పాడలేదని పిల్లలను ఎల్లగొట్టిండ్రు. ఒకటి నిజాం రాజ్యం, ఇంకొకటి మన ప్రజాస్వామ్యం. పాటలు వేరు, జెండాలు వేరు, కట్టె మాత్రం ఒక్కటే. నాగపూర్ రైలెక్కిన పిల్లలను వీరులు అంటం మనం. అననే అనాలె. మరి ఆ కొట్టాయం పిల్లలను ఏమంటం?

చట్టం సంగతికి వస్తే, జాతీయ జెండాకు, రాజ్యాంగానికి, జాతీయ గీతానికి అవమానం చేస్తే శిక్ష అని 1971ల చట్టం తెచ్చిండ్రు. అండ్ల ప్రతిజ్ఞ పేరే లేదు. బడి ఆనవాయితీగ, విద్యాశాఖ ఆదేశాల మీద నడుస్తున్నది. అట్ల ఉండుడే మంచిది అంట నేను. ప్రతిజ్ఞను బళ్లలకెల్లి తీసెయ్యాలె అన్నోళ్లతోని నేను కలవను. ఏడేండ్ల పిల్ల నోట్లె రోజూ ఒక మంచి మాట పడుతె నష్టమేంది? చిన్నప్పుడు వేమన పద్యాలు అర్థం తెలిసి నేర్సుకున్నమా? నోటికి వొచ్చినయి, ఎనకసీరి అర్థమైనయి. ప్రతిజ్ఞ కూడ అంతే. కని, నోటికి రాలేదని గోడకుర్చీ ఎయ్యించుడు, చెయ్యి సక్కగ సాపలేదని బెత్తం అందుకునుడు ఎంతవరకు న్యాయం? అందరితోని మర్యాదగ ఉంటనని చెప్పిచ్చుకుంట చెంప పగలగొడితే ఆ పిల్లగాడు దేన్ని నేర్సుకోవాలె, మాటనా దెబ్బనా? తన నమ్మకం వల్లనో, ఇంకేదన్న కారణం వల్లనో ఒక పిల్ల చెప్పను అంటే, ఊకె నిలవడనియ్యాలె. ఆమె నిలవడ్డ వరుస చెదరదు, దేశమూ చెదరదు.

పెద్దల సంగతి ఇంకో దిక్కు. పిల్లలు పొద్దుగాల అందరూ తోబుట్టువులని చెప్తరు. మధ్యాహ్న భోజనం దళిత అమ్మ వండిందని పిల్లలను తిననియ్యకుండ ఇంటికి పిలుసుకునే తల్లిదండ్రులు దేశంల ఇంకా ఉన్నరు. హోటల్ల రెండు గ్లాసుల పద్ధతి గురించి మన పల్లెలల్ల పుట్టినోళ్లకు ఒకలు చెప్పాల్సిన పని లేదు. చెప్పేటివి శ్రీరంగనీతులు అన్న సామెత ఊరికె పుట్టలే. పిల్లలతోని ప్రతిజ్ఞ చెప్పియ్యాల్నా అని అడిగే ముందు, పదేండ్లు చెప్పిన పెద్దోళ్లు అండ్ల ఎన్ని ముక్కలు పాటిస్తున్నరో బడి కమిటీ మీటింగుల ఒకసారి అడుగుడు నయం.

పంతుళ్లకు ఒక్క పని చెప్తె చేస్తరేమో. ఏడాదిల ఒక్కరోజు, జూన్ 10న అయినా సరే, బళ్లు తెరిసిన ఏ పూటైనా సరే, ప్రతిజ్ఞను చెప్పియ్యకుండ చదివి వినిపించి, ముక్కముక్కకు అర్థం అడగండ్రి. వారసత్వం అంటే ఏంది? రకరకాలది అంటే ఏంది? మీ బస్తీల ఎన్ని భాషలు మాట్లాడుతరు? మీ ఇంటి కుక్కకు ఇయ్యాల నీళ్లు పెట్టిండ్రా? పిల్లలు చెప్పే జవాబులు వినండ్రి. ఆ ఒక్క పూట, బెత్తం పట్టుకొని చెప్పిచ్చిన రెండువందల దినాలకంటే ఎక్కువ పని చేస్తది. ఆరు భాషలొచ్చిన అన్నెపర్తాయన బతికుంటే ఈ పరీక్ష ఆయనకు నచ్చునని నా నమ్మకం.

ఆయన పేరు కోసం యాబై ఏండ్లు పట్టింది. 2012 వరకు ప్రతిజ్ఞకు యాబై ఏండ్లు నిండినయి. ఆ చుట్టుపక్కల దినాలల్లనే పత్రికలల్ల ఆయన గురించి రాసుడు, అడుగుడు ఎక్కువయ్యింది. 2016ల శతజయంతి వొచ్చింది. రాసింది విశాఖల, పుట్టింది నల్లగొండల. అందుకే రాష్ట్రం రెండు ముక్కలైనంక కూడ ఇద్దరూ మావోడే అనుకునే మనిషి ఆయన. అసొంటోళ్లు ఎందరున్నరు చెప్పుండ్రి. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలల్ల ప్రతిజ్ఞ కింద చిన్న అక్షరాలల్ల పైడిమర్రి వెంకట సుబ్బారావు అని అచ్చయితున్నది. పిల్లలు చెయ్యి సాపి పైనున్నదంత చెప్తరు. ఆ కిందున్న ఒక్క లైను కాడికి రాకముందే చెయ్యి దించేసి క్లాసులకు ఉరుకుతరు.